ఫుట్‌బాల్ గురించి ఇంగ్లిష్‌లో మాట్లాడటం ఎలా? కిక్-ఆఫ్ నుంచి చివరి విజిల్ దాకా

"మ్యాచ్ మొత్తం అర్థమైతది అన్నా. పొద్దున ఆఫీసులో ఎవరన్నా అడిగితే మాత్రం ‘గుడ్ మ్యాచ్’ తప్ప ఇంకో ముక్క నోట్లోంచి రాదు."

ఈ మాటే అటూ ఇటూ మార్చి మహబూబ్‌నగర్, జడ్చర్ల, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి చాలామంది అడుగుతున్నారు. రాత్రి ఒంటిగంటన్నర దాకా మేలుకుని ఛాంపియన్స్ లీగ్ చూసేవాళ్లకు ఆట రాదనుకోలేం. మాటలు తెలియకపోవడం కూడా అసలు సమస్య కాదు. గోల్, ఫౌల్, పెనాల్టీ, కార్నర్ అన్నీ మనకు తెలిసినవే.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన ఆట ఇంగ్లిష్ అంతా క్రికెట్‌ది. రెండు, తెలుగులో ‘కొట్టు’ అనే ఒక్క క్రియతో ఆట మొత్తం నడిపించేస్తాం. ఈ రెండింటినీ విడదీసుకుంటే మిగతాది రెండు వారాల పని.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటుబుక్కు. ఫోన్‌లో కాదు, చేత్తో రాయాలి. ఈ విషయంలో నేను కొంచెం పాతకాలం మనిషిని.
- ఇంగ్లిష్ కామెంటరీతో ఉన్న హైలైట్స్ వీడియో ఒకటి. పది నిమిషాలు మించకూడదు.
- మీకు బాగా తెలిసిన ఒక టీమ్. అన్ని టీమ్‌లూ వద్దు. ఒకే టీమ్‌ను వెంటాడితే అవే మాటలు మళ్లీ మళ్లీ చెవిన పడతాయి.
- ఎదురుగా కూర్చుని వినే మనిషి ఒకరు. తమ్ముడైనా పర్వాలేదు.

డిక్షనరీ యాప్ అక్కర్లేదు. అందులో ‘క్లియర్’ అని వెతికితే ‘స్పష్టమైన’ అని వస్తుంది. ఫుట్‌బాల్‌లో క్లియర్ అంటే మన గోల్ దగ్గరున్న బంతిని దూరంగా తన్నేయడం.

నోటుబుక్కులో ఒంటరి మాట రాయొద్దు. ‘కార్నర్’ అని రాస్తే ఏం లాభం లేదు, ‘టుక్ ద కార్నర్’ అని రాయండి.

## 2. మొదట గ్రౌండ్ బొమ్మ గీయండి

ఒక పేజీ నిండా గ్రౌండ్ గీసి, ఏ మాట ఎక్కడిదో అక్కడే రాయండి. ఇది చేయకుండా తర్వాతి అంచెకు వెళ్లకండి.

- మొత్తం మైదానం: పిచ్
- నిలువు గీతలు: టచ్‌లైన్
- గోల్ ఉన్న వైపు గీత: గోల్ లైన్
- మధ్య గీత: హాఫ్‌వే లైన్
- గోల్ ముందున్న పెద్ద దీర్ఘచతురస్రం: పెనల్టీ ఏరియా, మాటల్లో అయితే ‘ద బాక్స్’
- లోపలి చిన్నది: సిక్స్-యార్డ్ బాక్స్
- పెనాల్టీ పెట్టే చుక్క: పెనల్టీ స్పాట్. గోల్ లైన్ నుంచి 11 మీటర్లు, కామెంటరీలో ‘ట్వెల్వ్ యార్డ్స్’ అంటారు
- గోల్ స్తంభాలు: పోస్ట్. పైకర్ర: క్రాస్‌బార్, లేదా ఉత్తగా బార్

ఇక్కడే రెండు క్రికెట్ గుంతలున్నాయి. మనకు పిచ్ అంటే మధ్యలో ఉండే 22 గజాల మట్టి. ఫుట్‌బాల్‌లో ఆడే జాగా మొత్తం పిచ్చే. నల్లగొండ ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌లో చెప్పులు గోల్‌పోస్టులుగా పెట్టుకుని ఆడినా అదీ పిచ్చే. ‘ద ప్లేయర్స్ ఆర్ ఆన్ ద పిచ్’ అని ఎవరైనా అంటే కంగారు పడొద్దు.

రెండోది బౌండరీ. ఫుట్‌బాల్‌లో ఆ మాటే లేదు. బంతి పక్కకు పోతే ‘ఇట్ వెంట్ అవుట్ ఫర్ ఎ త్రో-ఇన్’ అనాలి. గోల్ లైన్ దాటి పోతే, చివర ముట్టినవాడు అటాకర్ అయితే ‘గోల్ కిక్’, డిఫెండర్ అయితే ‘కార్నర్’.

ఇంకొకటి, మన స్కూళ్లలో పెనల్టీ ఏరియా మొత్తాన్ని ‘డి’ అంటుంటారు. అది హాకీ అలవాటు. ఫుట్‌బాల్‌లో డి అంటే బాక్స్ బయట కనిపించే వంపు గీత ఒక్కటే. ‘ఫౌల్ ఇన్ ద డి’ అంటే వినేవాడికి అది ఫ్రీకిక్, మీ లెక్కలో పెనాల్టీ. గొడవ అక్కడే మొదలవుతుంది.

## 3. ఎవరు ఎక్కడ ఆడతారు

పేర్లు తేలికే: గోల్‌కీపర్, డిఫెండర్, మిడ్‌ఫీల్డర్, వింగర్, స్ట్రైకర్. వాటి ముందు వచ్చే చిన్న మాటలే అందరికీ తప్పుతాయి.

- ‘హీ ప్లేస్ ఇన్ గోల్’
- ‘హీ ప్లేస్ ఎట్ సెంటర్-బ్యాక్’ (మధ్యలో ఆడే డిఫెండర్)
- ‘హీ ప్లేస్ ఇన్ మిడ్‌ఫీల్డ్’
- ‘హీ ప్లేస్ ఆన్ ద రైట్ వింగ్’
- ‘హీ ప్లేస్ అప్ ఫ్రంట్’

కారణాలు వెతక్కుండా అయిదూ బట్టీ పట్టేయండి. అంపైర్ అనే మాట మర్చిపోండి, ఇక్కడుండేది రెఫరీ. జెండా పట్టుకున్నాయన లైన్స్‌మన్, పద్ధతిగా చెప్పాలంటే అసిస్టెంట్ రెఫరీ. బయట కూర్చున్నవాళ్లు ‘ఆన్ ద బెంచ్’. ఒకరు లోపలికి వస్తే ‘హీ కేమ్ ఆన్’, బయటికి పోతే ‘హీ వెంట్ ఆఫ్’.

## 4. ‘కొట్టు’ను ముక్కలు చేయండి

మొత్తం పాఠంలో ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. మన నోట్లో ఆట ఇలా నడుస్తుంది: పాస్ కొట్టిండు, హెడ్ కొట్టిండు, కార్నర్ కొట్టిండు, గోల్ కొట్టిండు, బయటికి కొట్టిండు, ఆఖరికి అవతలి టీమ్‌నూ కొట్టిండ్రు. దీన్ని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ప్రతిచోటా ‘హిట్’ వేసేస్తాం. ‘హీ హిట్ ఎ గోల్’ అని ఎవరూ అనరు.

ఏ కొట్టుకు ఏ క్రియ వాడాలో చూడండి:

- గోల్ కొట్టాడు: ‘హీ స్కోర్డ్ ఎ గోల్’. ఉత్త ‘హీ స్కోర్డ్’ అన్నా చాలు
- పాస్ కొట్టాడు: ‘హీ పాస్డ్ టు సాకా’, లేదా ‘హీ ప్లేడ్ ఎ లాంగ్ పాస్’
- పక్క నుంచి బాక్స్‌లోకి ఎత్తి కొట్టాడు: ‘హీ క్రాస్డ్ ఇట్’
- కార్నర్, ఫ్రీకిక్, పెనాల్టీ కొట్టాడు: ‘హీ టుక్ ద కార్నర్’. మూడింటికీ టేక్, టుక్
- తలతో కొట్టాడు: ‘హీ హెడెడ్ ఇట్’. ఆ షాట్ పేరు ‘హెడర్’, హెడ్‌షాట్ కాదు
- గోల్ వైపు గట్టిగా కొట్టాడు: ‘హీ షాట్’, లేదా ‘హీ హ్యాడ్ ఎ షాట్’
- పక్కనుంచి బయటికి కొట్టాడు: ‘హీ షాట్ వైడ్’. పైనుంచి పోతే ‘ఓవర్ ద బార్’
- పోస్టుకు కొట్టాడు: ‘హీ హిట్ ద పోస్ట్’. ఇక్కడ హిట్ సరిగ్గా సరిపోతుంది
- ప్రమాదం తప్పించి దూరంగా కొట్టాడు: ‘హీ క్లియర్డ్ ఇట్’
- కీపర్ మీదుగా మెల్లగా లేపి కొట్టాడు: ‘హీ చిప్డ్ ద కీపర్’
- అవతలి టీమ్‌ను కొట్టారు: ‘దే బీట్ దెమ్’

బీట్ అసలు అర్థం కొట్టడమే. అంటే ఓడించడాన్ని కొట్టడం అనడంలో వాళ్లూ మనలాంటోళ్లే.

కొట్టు కానివి నాలుగు మాత్రం తప్పనిసరి. బంతిని కాళ్లతో నడిపించుకుంటూ పోవడం ‘డ్రిబుల్’. బంతిని ఎదుటివాడి కాలి దగ్గర నుంచి లాక్కోవడం ‘టాకిల్’. కీపర్ ఆపితే ‘సేవ్’, ‘హీ మేడ్ ఎ గ్రేట్ సేవ్’ అనాలి. గోల్ ఇచ్చుకుంటే ‘కన్సీడ్’: ‘వీ కన్సీడెడ్ టూ గోల్స్’. ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే ‘వీ కెప్ట్ ఎ క్లీన్ షీట్’.

సరి చూసుకోండి: పై జాబితాలో ఎడమవైపు తెలుగును మీ తమ్ముడు చదవాలి, మీరు మూడు సెకన్లలో ఇంగ్లిష్ చెప్పాలి. పదకొండింటిలో తొమ్మిది దాటితేనే ముందుకు.

## 5. స్కోర్ చెప్పడం

2022 వరల్డ్‌కప్ ఫైనల్ అయిన మర్నాడు హైదరాబాద్‌లో మా ఆఫీసులో గొప్పగా ‘అర్జెంటీనా వన్ ఫ్రాన్స్!’ అన్నాను. పక్క సీటు కేరళ అబ్బాయి నవ్వు ఆపుకుంటూ ‘సో ఫ్రాన్స్ ఈజ్ ఇన్ అర్జెంటీనా నౌ?’ అన్నాడు. దేశాన్నే గెలుచుకుని ఇంటికి తెచ్చుకున్నట్టు అయింది నా వాక్యం. ఆ రోజు నుంచి ఈ నాలుగు లైన్లు తప్పలేదు:

- మ్యాచ్‌ను, కప్పును గెలుస్తాం: ‘దే వన్ ద మ్యాచ్’
- టీమ్‌ను ఓడిస్తాం: ‘దే బీట్ ఫ్రాన్స్’. నిన్నైనా నేడైనా బీటే, ‘బీటెడ్’ లేదు
- టీమ్ చేతిలో ఓడిపోతాం: ‘ఫ్రాన్స్ లాస్ట్ టు అర్జెంటీనా’. ‘లాస్ట్ విత్’ కాదు
- సమానమైతే: ‘దే డ్రూ విత్ స్పెయిన్’, లేదా ‘ఇట్ వాజ్ ఎ డ్రా’

అంకెలు చదివే పద్ధతి కూడా వేరు. 2-0 ‘టూ-నిల్’. 1-1 ‘వన్-ఆల్’. 0-0 ‘నిల్-నిల్’, అలా ముగిసిన మ్యాచ్‌ను ‘గోల్‌లెస్ డ్రా’ అని కూడా అంటారు. గెలిచినవాళ్ల అంకె ముందు రావాలి: ‘దే వన్ త్రీ-వన్’, ‘దే లాస్ట్ త్రీ-వన్’. ఓడినా మూడే ముందు. దీనికి అలవాటు పడటానికి నాకు చాలా రోజులు పట్టింది.

స్కోర్ మారుతుంటే చెప్పే మాటలకు అదే ఫైనల్‌ను వాడుకుందాం. ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు.

- 23వ నిమిషం, మెస్సీ పెనాల్టీ, 1-0: ‘మెస్సీ ఓపెన్డ్ ద స్కోరింగ్’
- 36వ నిమిషం, డి మరియా, 2-0: ‘డి మరియా డబుల్డ్ ద లీడ్’
- 80వ నిమిషం, ఎంబాపే పెనాల్టీ, 2-1: ‘ఫ్రాన్స్ పుల్డ్ వన్ బ్యాక్’
- 81వ నిమిషం, మళ్లీ ఎంబాపే, 2-2: ‘ఎంబాపే ఈక్వలైజ్డ్’
- 108వ నిమిషం, మెస్సీ, 3-2: ‘మెస్సీ పుట్ దెమ్ అహెడ్ అగైన్’
- 118వ నిమిషం, ఎంబాపే పెనాల్టీ, 3-3: ‘హీ కంప్లీటెడ్ హిజ్ హ్యాట్రిక్’
- షూటౌట్ 4-2: ‘అర్జెంటీనా వన్ ఫోర్-టూ ఆన్ పెనల్టీస్’

ఈ ఏడు వాక్యాలను పైకి చదివి, పేర్లు తీసేసి మీ టీమ్ ఆడిన చివరి మ్యాచ్‌కు తొడగండి. రెండు గోల్స్ కొట్టినవాణ్ణి ‘హీ గాట్ ఎ బ్రేస్’ అంటారు.

పొరపాటున సొంత గోల్‌లో వేసుకుంటే మనం ‘సెల్ఫ్ గోల్’ అంటాం. ఇంగ్లిష్‌లో అది ‘ఓన్ గోల్’. రాజకీయాల వార్తల్లో సెల్ఫ్ గోల్ ఎన్నిసార్లు చదివినా సరే, ఆఫీసులో ఓన్ గోల్ అనే అనండి.

## 6. ఫౌల్, కార్డు, వాదన

తోసుకుంటే మనం ‘డ్యాష్ ఇచ్చిండు’ అంటాం. ‘హీ గేవ్ డ్యాష్’ బయటివాళ్లకు అర్థం కాదు. ‘హీ పుష్డ్ హిమ్’, కాలు అడ్డం పెడితే ‘హీ ట్రిప్డ్ హిమ్’, జెర్సీ లాగితే ‘హీ పుల్డ్ హిజ్ షర్ట్’. కావాలని పడిపోతే ‘హీ డైవ్డ్’. చేతికి తగిలితే ‘హ్యాండ్‌బాల్’.

ఎల్లో కార్డు వస్తే ‘హీ వాజ్ బుక్డ్’. రెడ్ వస్తే ‘హీ వాజ్ సెంట్ ఆఫ్’. క్రికెట్ అలవాటులో ‘హీ ఈజ్ అవుట్’ అనకండి. దాంతో మిగిలిన టీమ్ ‘డౌన్ టు టెన్ మెన్’.

రెఫరీ నిర్ణయం నచ్చకపోతే రెండు వాక్యాలు చాలు: ‘దట్ వాజ్ నెవర్ ఎ పెనల్టీ’, ‘హౌ ఈజ్ దట్ నాట్ ఎ రెడ్?’. వీడియో చూసి గోల్ తీసేస్తే ‘వీఏఆర్ రూల్డ్ ఇట్ అవుట్’. వీఏఆర్ అంటే వీడియో అసిస్టెంట్ రెఫరీ. చదివేటప్పుడు చాలామంది ‘వార్’ అనే అంటారు.

## 7. ఆఫ్‌సైడ్‌ను టీ గ్లాసులతో చెప్పడం

అందరూ భయపడేది దీనికే. తెలుగులోనే వివరించలేనిది ఇంగ్లిష్‌లో ఎలా అని. బల్ల మీద చూపిస్తూ చెబితే మాటలు తక్కువ పడతాయి.

ఇరానీ హోటల్లో కూర్చున్నారనుకోండి. చక్కెర డబ్బా గోల్. దాని ముందు ఒక గ్లాసు, అది కీపర్. ఇంకొంచెం ఇవతల ఇంకో గ్లాసు, అది చివరి డిఫెండర్. ఉస్మానియా బిస్కెట్ అటాకర్. చెంచా పట్టుకున్న మీరు పాస్ ఇచ్చేవాళ్లు.

చెంచా కదిలిన క్షణంలో బిస్కెట్ ఆ రెండో గ్లాసు దాటి, బంతిని కూడా దాటి చక్కెర డబ్బాకు దగ్గరగా ఉందా? ఆఫ్‌సైడ్. గ్లాసుకు సమానంగా ఉందా? కాదు. పాస్ కదిలాక ఉరికితే తప్పు లేదు. తన సగంలోనే ఉన్నవాడికీ ఆఫ్‌సైడ్ లేదు. చేతులు లెక్కలోకి రావు.

ఇప్పుడు మాటలు, ఇదే వరుసలో:

1. ‘లుక్ ఎట్ ద మోమెంట్ ఆఫ్ ద పాస్.’
2. ‘హీ వాజ్ అహెడ్ ఆఫ్ ద లాస్ట్ డిఫెండర్.’
3. ‘సో హీ వాజ్ ఆఫ్‌సైడ్.’
4. సమానంగా ఉంటే: ‘హీ వాజ్ లెవెల్, సో ఇట్స్ ఆన్‌సైడ్.’
5. ‘ద ఫ్లాగ్ వెంట్ అప్.’

త్రో-ఇన్, కార్నర్, గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదు. ఎవరైనా వాదిస్తే ‘యూ కాంట్ బీ ఆఫ్‌సైడ్ ఫ్రమ్ ఎ త్రో-ఇన్’ అని, బిస్కెట్ టీలో ముంచి తినేయండి.

## 8. టైం మాటలు

మనం ఎక్స్‌ట్రా టైం అని రెండింటినీ కలిపేస్తాం. 90 నిమిషాలు అయ్యాక బోర్డు మీద చూపించే మూడు, నాలుగు నిమిషాలు ‘స్టాపేజ్ టైమ్’ లేదా ‘యాడెడ్ టైమ్’. నాకౌట్‌లో సమానమైతే ఆడే 15 నిమిషాల రెండు భాగాలే ‘ఎక్స్‌ట్రా టైమ్’. ‘హీ స్కోర్డ్ ఇన్ ఎక్స్‌ట్రా టైమ్’ అంటే లీగ్ మ్యాచ్ చూసినవాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు.

మొదలవడం ‘కిక్-ఆఫ్’, విరామం ‘హాఫ్-టైమ్’, అయిపోవడం ‘ఫుల్-టైమ్’.

## 9. ఎవరితో మాట్లాడుతున్నారు?

మా వైపు ఒకే ఇంట్లో ఒకరు దుబాయ్‌లో, ఒకరు డాలస్‌లో ఉంటారు. ఇద్దరితో ఒకే ఇంగ్లిష్ పనికిరాదు. డాలస్‌లో ఫుట్‌బాల్ అంటే గుడ్డు ఆకారం బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే వేరే ఆట. మన ఆట అక్కడ ‘సాకర్’. పిచ్ ‘ఫీల్డ్’ అవుతుంది, నిల్ ‘జీరో’, డ్రా ‘టై’, బూట్స్ ‘క్లీట్స్’. గల్ఫ్, లండన్, కోల్‌కతా, కేరళ వాళ్లతో ఫుట్‌బాలే.

మన దగ్గర బూట్లనే ‘స్టడ్స్’ అంటాం. నిజానికి స్టడ్స్ అంటే అడుగున ఉండే బుడిపెలు మాత్రమే.

## 10. నోరు తిరగడానికి

- ‘ఇస్కోర్’ కాదు, ముందు ఇ లేకుండా ‘స్కోర్’. అద్దం ముందు పాములా స్స్స్ అని మొదలుపెట్టండి.
- ‘పెనాల్టీ’లో మనం నా మీద ఒత్తుతాం. ఇంగ్లిష్‌లో ఒత్తు మొదట్లో: పెనల్టి.
- ‘గోలు’, ‘ఫౌలు’ అని చివర ఉ తగిలించొద్దు.
- వాలీ (బంతి నేలను తాకకముందే తన్నడం) అనేటప్పుడు పై పళ్లు కింది పెదవిని తాకాలి. ఫ్రీకిక్ ముందు కట్టే వాల్‌కు పెదవులు గుండ్రంగా చుట్టాలి. రెండూ ఒకేలా వినిపిస్తే ఇంకా సాధన కావాలి.

## 11. పద్నాలుగు రోజులు ఎలా గడపాలి

మొదటి నాలుగు రోజులు గ్రౌండ్ బొమ్మ, ‘కొట్టు’ జాబితా. తర్వాత మూడు రోజులు స్కోర్ వాక్యాలు. ఎనిమిదో రోజు నుంచి హైలైట్స్.

హైలైట్స్ ఇలా చూడాలి: మొదటిసారి సౌండ్ తీసేసి మీరే కామెంటరీ చెప్పండి, తప్పులైనా ఆగొద్దు. రెండోసారి సౌండ్ పెట్టి వినండి. మీకు రాని మూడు వాక్యాలు మాత్రమే రాసుకోండి. మూడోసారి మళ్లీ సౌండ్ తీసేసి, ఆ మూడూ వాడుతూ చెప్పండి. రోజుకు అరగంట దాటదు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మొదటి రోజే నలభై వాక్యాలు రాసుకుంటారు, మూడో రోజుకు నోటుబుక్కు బీరువా మీదికి పోతుంది.

## 12. మొదటిసారి మాట కలిపే ముందు

- స్కోర్ ఒక వాక్యంలో చెప్పగలరా?
- గోల్ ఎలా వచ్చిందో ఒక వాక్యంలో? ‘ఇట్ వాజ్ ఎ హెడర్ ఫ్రమ్ ఎ కార్నర్.’
- మీ అభిప్రాయం ఒక వాక్యంలో? ‘దే డిజర్వ్డ్ టు విన్.’ ‘వీ వర్ లక్కీ.’
- అవతలివాళ్లను అడిగే ప్రశ్న ఒకటి? ‘హూ డు యూ సపోర్ట్?’ అనండి. ‘యూ ఆర్ విచ్ టీమ్?’ అంటే మీరు ఆ టీమ్‌లో ఆడతారా అన్నట్టుంటుంది.

నాలుగింటికీ అవును అయితే వెళ్లి మాట్లాడండి. మ్యాచ్ మధ్యలో నిద్రపోయి ఉంటే ‘ఐ ఓన్లీ సా ద ఫస్ట్ హాఫ్’ అని ఒప్పేసుకోండి. రికార్డింగ్ సాయంత్రం ఇంటికెళ్లి చూడాలనుకుంటే, లిఫ్ట్‌లో ఎవరైనా నోరు తెరవకముందే అనాల్సిన వాక్యం ఇది: ‘డోంట్ టెల్ మీ ద స్కోర్, ఐ హావెంట్ సీన్ ఇట్ యెట్!’